గేరు బాక్సులో గొంగడి

ఏమయ్యా,

బాగున్నావా? నువ్వు పోయి పది నెలలు దాటింది. ఇక్కడ మేమందరం ఉన్నాం. బాగున్నామని రాయడానికి చేయి రావడం లేదు గానీ... ఉన్నాం.

బతుకమ్మ పండగ కదా, మిషను మీద నుంచి లేవడానికి లేదు. వనపర్తిలో ఉన్న ఆడవాళ్లందరికీ ఈ తొమ్మిది రోజుల్లోనే జాకెట్లు కావాలి. మిగతా ఏడాదంతా ఏం చేస్తారో! ఆ గుడ్డలన్నీ పక్కకు తోసి నీకు రాస్తున్నాను. ఈ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

నీ కారు సంగతి.

షెడ్డు ఖాళీ చేయమన్నారు. నువ్వు ఇన్నేళ్లు ట్రాక్టర్లు విప్పి బిగించిన ఆ రేకుల షెడ్డే. ఓనరు మంచివాడు, నువ్వు పోయాక ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు. కానీ దసరా నాడు అక్కడ కొత్తవాళ్లు టైర్ల దుకాణం తెరుస్తారట. "పండుగ లోపట జర తీసెయ్యమ్మా" అని నెమ్మదిగా చెప్పాడు. గట్టిగా అంటే కొట్లాడేదాన్ని. నెమ్మదిగా చెప్పేవాడితో ఏమని కొట్లాడను?

పానాలు, జాకీలు ఇంటికి తెచ్చుకోవడం పెద్ద పనా? కారు మాటేమిటి? గేరు బాక్సు విప్పి టబ్బుల్లో పెట్టి, బండిని కట్టె మొద్దుల మీద నిలబెట్టి పోయావు. "ఛాతీల జర మంటగ ఉంది, చాయ్ తాగొస్త" అన్నావు. అటు నుంచి అటే దవాఖానకు తీసుకుపోయారు. మళ్లీ రాలేదు. చాయ్ తాగొస్తానన్న మనిషి అట్లా పోతాడా?

మన లావణ్య నాగర్‌కర్నూల్ నుంచి రోజూ ఫోన్ చేస్తుంది. బిడ్డకు నా మీద ప్రేమే. "అమ్మా, ఆ ఇనుముతోని ఏం జేస్తవే? తుక్కు సామానోనికి ఇచ్చెయ్యరాదే" అంటుంది. తుక్కువాడు వచ్చి చూసి కూడా పోయాడు. క్రేన్ తెచ్చి, నడుముకు గొలుసు కట్టి లేపి, లారీలో పడేస్తాడట. వాడు ఆ మాట అంటుంటే నాకు నీ మాట గుర్తొచ్చింది. "బండి తన కాళ్ల మీద తాను పోవాలె. మోసుకపోతే అది బండి కాదు, పీనుగ."

నిన్ను నలుగురు మోసుకుపోతుంటే చూశాను. ఇంకోసారి చూడలేను.

అందుకే ఒక్కటే పట్టు పట్టాను. దసరా లోపల ఆ కారు తన కాళ్ల మీద తాను షెడ్డు దాటి, మన ఇంటి ముందుకు రావాలి. అంతే. పెద్ద కోరికేం కాదు కదా?

దాన్ని తెచ్చిన రోజు మాత్రం నువ్వే గొలుసు కట్టి లాక్కొచ్చావు, అది వేరే సంగతి! నాగర్‌కర్నూల్ అవతల ఎవరిదో పాత రైసు మిల్లు, దాని వెనక పడి ఉన్న అమెరికా బండి. నా పుట్టుక కన్నా పాతది. సీట్లలో కోళ్లు పొదిగాయి. మన గల్లీ పిల్లలు దానికి 'పడవ' అని పేరు పెట్టారు. నేనైతే అన్నం గిన్నె నీ ముందు ఠంగున కొట్టి లోపలికి పోయాను. ట్రాక్టర్లు బాగు చేసేవాడికి ఈ రాజుల సోకులు ఎందుకని ఎన్ని మాటలన్నానో.

నువ్వు నవ్వి, నా రెక్క పట్టుకుని తీసుకుపోయి స్టీరింగు ముందు కూర్చోబెట్టావు. "కిందికి చూడు. క్లచ్చి లేదు. గేర్లు దానంతట అదే మార్చుకుంటది. పోవుడుకు ఒకటి, ఆగుడుకు ఒకటి, రెండే పెడళ్లు. నీ మిషను కంటే అల్కగ ఉంటది" అన్నావు. నా బతుకులో నేను నేర్చుకున్న బండి అదొక్కటే. స్టీరింగు పక్కన ఉన్న కర్రను ఇటు జరిపితే ముందుకు, అటు జరిపితే వెనక్కు. ముందుకు బాగానే నడిపేదాన్ని. వెనక్కు తీయాలంటేనే నా ప్రాణం పోయేది. మెడ వెనక్కు తిప్పితే చేయి కూడా తిరిగేది. నువ్వు బండి వెనక నిలబడి అరిచేవాడివి. "ఎనక నేనున్న కదనే! నువ్వు ముందటికే చూడు. రానీ... రానీ... రానీ..."

ఒకరోజు ఆ బండి ముందుకు పోవడం మానేసింది. ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. నువ్వు గేరు బాక్సు దింపి, లోపల నుంచి గాజులాగా గుండ్రంగా వంగి ఉన్న ఇనుప పట్టీ ఒకటి తీశావు. బ్యాండు అన్నావు. లోపల తిరిగే డ్రమ్మును అది గట్టిగా వాటేసుకుంటేనే బండి ముందుకు కదులుతుందట. ఆ పట్టీకి లోపలి వైపు ఉండే పూత మొత్తం అరిగిపోయింది. ఆ పార్టు వనపర్తిలో దొరుకుతుందా, గద్వాలలో దొరుకుతుందా? హైదరాబాద్‌లో అడిగితే నవ్వారని వచ్చావు.

వచ్చి ఏం చేశావు? మీ నాయిన గొంగడి తీశావు! గొర్ల వెంట వానలో, ఎండలో ఆయన కప్పుకుని తిరిగిన నల్ల గొంగడి. అంచున ఒక పట్టీ కత్తిరించి నా మిషను మీద పడేశావు. "దీన్ని బ్యాండుకు తొడిగి కుట్టియ్యి. తడిసిన గొంగడి ఒంటిని ఎట్ల పట్టుకుంటదో ఎరుకే కదా? నూనెల నానితే గట్లనే పట్టుకుంటది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా కుట్టాను. మిషను సూది విరిగింది, దబ్బనంతో చేతి కుట్టు వేశాను. పోగులు లేవకూడదని అంచులు రెండు మడతలు మడిచి, దిండుకు గలీబు తొడిగినట్టు ఆ ఇనుము చుట్టూ బిగించి ఇచ్చాను. నువ్వు తిప్పి తిప్పి చూసి, "గిది పార్టు కాదే, ఇద్దరం కలిసి కన్న పిల్ల" అన్నావు. సిగ్గు లేని మనిషివి.

నడిచింది కదయ్యా! బీచుపల్లి దాకా పోయి, కృష్ణలో కాళ్లు కడుక్కుని వచ్చాం. ఆ రోజు నువ్వు ఒక్క చేత్తో నడిపావు. రెండో చేయి ఎక్కడుందో రాయను, బిడ్డ చదివినా చదువుతుంది.

కొన్నాళ్లకు మళ్లీ మొరాయించింది. మళ్లీ విప్పావు. విప్పి పెట్టి పోయావు.

గద్వాల నుంచి జహంగీర్ భాయ్‌ని పిలిపించాను. ఇంకెవరిని పిలుస్తాను? ఒకే ఉస్తాద్ దగ్గర ఇద్దరూ పని నేర్చుకున్న దోస్తులు మీరు. ఆయన లారీ పని ఆపుకుని బస్సెక్కి వచ్చాడు. టబ్బుల మీద గుడ్డ తీసి చూశాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లగా, మాడు వాసన. నూనె నడిచే సన్నటి దారుల నిండా గొంగడి పోగులు. పోగులు అడ్డం పడి నూనె అందక, లోపలి ప్లేట్లన్నీ కాలిపోయాయట. "గొర్రె మొత్తం ఈ పెట్టెలనే ఉంది కద భాభీ" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఆయనే ముందు కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత చెప్పాడు అసలు మాట. "బిగించుడు నా పని. ఏ పార్టు తెప్పియ్యాల్నో మాత్రం నాకు తెల్వదు. లారీలకు గిసొంటియి ఉండయి. మల్లేశన్నకే ఎరుక."

నీకే ఎరుక. నువ్వేమో లేవు.

లావణ్య కోప్పడుతూనే వెతికిపెట్టింది. ముంబైలో పాత బండ్ల పార్టులు అమ్మే ఒకాయన దొరికాడు. ఫోన్‌లో ఆయన హిందీ, నా హిందీ... ఇద్దరి తిప్పలు ఆ దేవుడికే తెలియాలి. ఆయన అడిగే ప్రశ్నలకు నా తల ప్రాణం తోకకొచ్చింది. బండి ఏ ఏడాదిది? ప్లేట్లు మెత్తవా, గట్టివా? రబ్బరు రింగులు అప్పటి సరుకు కావాలా, ఇప్పుడు చేసినవి కావాలా? బ్యాండు వెడల్పుదా, సన్నదా? ఒకే గేరు బాక్సును రెండు రకాలుగా చేశారట. పక్కన బిగించిన చిన్న రేకు మీద నంబరు ఉంటుందట, అది చెప్తే చాలునట.

ఆ రేకేది? రంగు వేసేటప్పుడు పీకేశావు. నంబరు ఎక్కడన్నా రాసి పెట్టుకో అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఏమన్నావు? "రాసుడెందుకే? నంబరు నా తలకాయల ఉంది."

ఆ తలకాయ ఎక్కడుందయ్యా ఇప్పుడు? ఎవరిని అడగను?

అడిగేవాళ్లు లేక నేనే ఎంచడం మొదలుపెట్టాను. జాకెట్లు కుట్టుకునే దాన్ని, గేరు బాక్సుకు సామాను ఎంచుతున్నాను! రబ్బరు రింగుల సంగతి మాత్రం నాకు తెలిసింది. నా డబ్బాలో లంగా లాస్టిక్ ఉంటుంది కదా, ఒక్కసారి వాడకపోయినా కొన్నేళ్లకు గుంజితే పుటుక్కున తెగుతుంది. ఊరికే కూర్చున్నా రబ్బరు ముసలిదవుతుంది. అప్పటి సరుకు వద్దు, కొత్తవే పంపమన్నాను. ముంబై ఆయన 'శభాష్ బెహెన్‌జీ' అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు కొమ్ములొచ్చాయి.

ప్లేట్ల దగ్గర మళ్లీ ఆగిపోయాను. జహంగీర్ భాయ్ లారీ మనిషి కాబట్టి గట్టివే వేద్దామన్నాడు. నాకేమో నువ్వు లావణ్య పెండ్లప్పుడు అన్న మాట గుర్తొచ్చింది. పిల్లవాడు మరీ మెత్తగా ఉన్నాడని నేను గునిస్తే, "గట్టిది గీరతదే. మెత్తదే పట్టుకుంటది" అన్నావు. మెత్తవే చెప్పాను. అల్లుడి గురించి చెప్పిన మాట ప్లేట్లకు పనికొస్తుందా? నాకేం తెలుసు... కాదనడానికి నువ్వు లేవు.

ఇక బ్యాండు. వెడల్పుదా, సన్నదా? ఇది చాలా తేలిక అనుకున్నాను. పాత బ్యాండు చేతిలోనే ఉంది, మెడలో టేపు ఉంది. కొలిచాను. ఇటు నుంచి అటు ఒకసారి, అటు నుంచి ఇటు ఒకసారి. వెడల్పుదే అని చెప్పాను.

పార్టులు హైదరాబాద్ బస్సులో పార్సిల్ వచ్చాయి. డబ్బాకు బొట్టు పెట్టి గానీ విప్పనివ్వలేదు. జహంగీర్ భాయ్ మళ్లీ వచ్చాడు. పోగులన్నీ పిన్నీసుతో, గాలితో, పెట్రోలుతో తీసి తీసి కడిగాడు. కొత్త ప్లేట్లను ఎర్ర నూనెలో నానబెట్టాడు. అవి నానుతుంటే పక్కన కూర్చుని నేను జాకెట్లకు హుక్కులు కుట్టుకున్నాను. షెడ్డులో మళ్లీ పానా చప్పుడు వింటుంటే ఎంత బాగుండెనో. కళ్లు ఎత్తకపోతే చాలు, నువ్వే అనుకోవచ్చు.

ఆ చప్పుడు ఆగింది. కొత్త బ్యాండు లోపలికి పోవడం లేదు.

ఆయన తిప్పి చూశాడు, వంచి చూశాడు. చివరికి పాత బ్యాండు చేతిలోకి తీసుకుని, బ్లేడుతో నా కుట్లు తెంపాడు. గొంగడి ఊడొచ్చింది. లోపల ఇనుము ఎంత సన్నగా ఉందో! "భాభీ... నువ్వు ఇనుమును కొలువలే. గొంగడిని కొలిచినవ్" అన్నాడు.

చీర మీద నుంచి కొలత ఇచ్చే ఆడవాళ్లను నేను ఎట్లా తిడతానో నీకు తెలుసు కదా. "కొంగు తియ్యమ్మా, గుడ్డ మీద గుడ్డ కొలిస్తే జాకెట్టు బస్తా అయితది" అని రోజుకు ఒకరికైనా చెప్తాను. ఆ నోరే, ఆ టేపే. నా చేతి మడతలు నేనే కొలిచి పంపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ముంబైకి ఫోన్ చేశాను. సన్నది ఇప్పుడు తన దగ్గర లేదట. బయటి దేశం నుంచి రావాలి, దీపావళి దాటుతుంది, అప్పటికైనా వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు.

ఇది నిన్నటి మాట. దసరా రేపు.

జహంగీర్ భాయ్ చేతులు తుడుచుకుని రెండు దారులు చెప్పాడు. గొంగడి బ్యాండే మళ్లీ కుట్టి వేస్తే ఇప్పటికి ముందుకు నడుస్తుంది, కానీ పోగులు మళ్లీ దిగి కొత్త ప్లేట్లను కూడా కాలుస్తాయి. బ్యాండు లేకుండా బిగిస్తే ఏదీ పాడు కాదు, కానీ "ఎనకకు పోతది భాభీ, ముందటికి పోదు." వెనక్కు పోవడానికి వేరే ప్లేట్లున్నాయట, దానికి బ్యాండుతో పని లేదట.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

కారులోకి ఎక్కి నీ సీట్లో కూర్చున్నాను. ఒళ్లో గొంగడి ముక్క. మాడు వాసన, గొర్రె వాసన, ఇంకా ఏదో... నీదే అనుకుంటాను. మన ఇద్దరి చేతులూ కలిసి చేసిన ఆఖరి వస్తువు అదే కదా? దాన్ని తీసేయమని నా నోటితో నేను ఎట్లా చెప్పాలి? ఏం చేయమంటావు, చెప్పు, చెప్పు అని అడిగాను. గట్టిగానే అడిగాను. బయట జహంగీర్ భాయ్ విననట్టు నిలబడ్డాడు. నువ్వు పలకలేదు. పలికేవాడివైతే నాకీ గతి ఎందుకు? స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. హారన్ మోగింది. ఏడవడానికి కూడా లేకుండా చేశావు.

దిగి, "ముందటికి పోకుంటె పోకపాయె. షెడ్డు దాటాలె. గొంగడి వద్దు" అన్నాను.

ఆయుధ పూజ నాడు పూజకు పెట్టిన పానాను మళ్లీ మరునాటి దాకా ముట్టొద్దని నీ పట్టింపు. అది నాకు గుర్తు లేదు, జహంగీర్ భాయ్‌కి గుర్తుంది. ఇవాళ పొద్దునే వచ్చి, బిగించాల్సింది బిగించి, నూనె పోసి, పానాలన్నీ కడిగి తుడిచి వరుసగా పెట్టి, "ఇగ పూజ చెయ్యి భాభీ" అన్నాడు. నేను చేయొచ్చా అని అడిగాను. మొగుడు పోయిన నాలాంటి దాన్ని పండగ పూట ముందుకు రానివ్వరు కదా జనం. "మల్లేశన్న సామాను. నువ్వు గాక ఎవరు చేస్తరు?" అన్నాడు. చేశాను. పసుపు, కుంకుమ, బంతిపూలు. కొబ్బరికాయ మంచిగా పగిలింది.

నిమ్మకాయలు ఆయనే పెట్టాడు. అలవాటు కొద్దీ చక్రాలకు ముందు పెట్టాడు. పెట్టి లేచి నిలబడి... ఒక్క క్షణం చూసి, మళ్లీ వంగి, ఒక్కొక్కటే తీసి చక్రాల వెనక పెట్టాడు.

ఎక్కాను. ఇంజను పట్టుకుంది. కర్రను వెనక్కు పోయే దిక్కు జరిపాను. బండి ఒకసారి వణికి కదిలిందయ్యా! నిమ్మకాయలు చితికిన చప్పుడు విన్నాను. నువ్వు లేకుండా, నీ గొంగడి లేకుండా కదిలింది. సంతోషపడాలా, ఎట్లా అనిపించాలి?

రోడ్డు మీదికి వచ్చాం. జహంగీర్ భాయ్ వెనక నడుస్తూ "రానీ, రానీ" అంటున్నాడు. తంగేడు పూలు తెస్తున్న ఆడవాళ్లు ఆగిపోయారు. పిల్లలు 'పడవ ఉల్టా పోతుంది' అని కేకలు. ఎవరో నవ్వారు. నవ్వనీ. నేను మాత్రం మెడ తిప్పలేదు. నువ్వు చెప్పినట్టు ముందుకే చూశాను. ముందు అద్దంలో నీ షెడ్డు కొంచెం కొంచెంగా దూరం పోతోంది. రేకు తలుపు తెరిచే ఉంది. లోపల ఏమీ లేదు.

సగం దారిలో 'రానీ' అనే మాట ఆగిపోయింది. నాకు తెలిసింది. అయినా కాలు తీయలేదు. మన ఇల్లు అదే రోడ్డు మీద కదా, వచ్చేస్తుందిలే అనుకున్నాను. వెనక మనిషి ఉన్నాడు కదా అనుకున్నాను. మన గడప పక్కన వేప చెట్టు నీడ బానెట్ మీద పడ్డాక ఆపాను. గోడకు తగలలేదు, మోరీలో పడలేదు. నువ్వు నిలబెట్టే చోటే నిలబడింది.

అంతసేపూ ఆ రేకు తలుపు తప్ప నా కంటికి ఇంకేదీ ఆనలేదు, అప్పుడు చూశాను. జహంగీర్ భాయ్ ముందున్నాడు. చాలా దూరంలో, రోడ్డు మధ్యలో, ఎదురుగా వస్తున్న బస్సుకు చేతులు అడ్డం పెట్టి ఆపి, అక్కడే ఉండిపోయాడు. కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

మరి వెనక ఎవరున్నారు?

నీ గొంతు వినిపించిందని అబద్ధం చెప్పను. ఏమీ వినిపించలేదు. వినిపిస్తే ఎంత బాగుండు...

గొంగడి ముక్కను ఉతకలేదు. మిషను సొరుగులో పెట్టాను. ఈసారి ఇనుమునే కొలిచి పంపాను. సన్న బ్యాండు వస్తుందో, రాదో. వస్తే బీచుపల్లికి పోతాను. రాకపోతే ఈ వేప చెట్టు కిందే ఉంటుంది, నేనూ ఉంటాను. ఎవరు ఏమన్నా దాన్ని మోయనివ్వను. ఈ ఒక్క మాటే ఇవ్వగలను నీకు.

జాకెట్లు మిగిలే ఉన్నాయి. ఉంటాను మరి.

నీ పద్మ